మా ఆయన అయ్యగారయ్యాక

పెళ్ళైన కొత్తలో మా అమ్మ నన్ను అస్తమానం ఒకటే అడిగేది. "స్టేజీల వెంట తిరిగే మనిషాయె. పక్కన డాన్సులేసే ఆడపిల్లలుంటారాయె. నీకు భయంగా లేదుటే?" అని. నాకెప్పుడూ భయం లేదు. ఆ ఆడపిల్లలంతా నన్ను వదినా అని పిలిచేవాళ్ళు, మేకప్ డబ్బా మర్చిపోతే నాది వాడుకునేవాళ్ళు. మా ఆయన చూపు కీబోర్డు మీద ఉండేది, లేకపోతే నా మీద ఉండేది. మూడో చోటికి వెళ్ళేది కాదు. అసూయంటే ఎట్లా ఉంటుందో నాకు నలభయ్యో పడికి దగ్గరవుతున్నప్పుడు తెలిసింది. అది కూడా ఒక ఆడదాని వల్ల కాదు.

మాది చీరాల. నాన్న చీరలు నేసేవాడు. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. అమ్మ పక్కన కూర్చుని కండెలు చుడుతూ పాడుతుండేదాన్ని. మగ్గం చప్పుడులో పాట వినపడాలంటే గొంతెత్తాలి. అందుకే మైకు లేకపోయినా వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడే గొంతు నాకు అబ్బింది. ఇంటర్ అయ్యాక గుంటూరులో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, వినాయక చవితి పందిళ్ళు, శివరాత్రికి ప్రభల ముందు పాటలు. అక్కడ కీబోర్డు వాయించే మనిషినే నేను చేసుకున్నాను.

ఆయనది ప్రత్తిపాడు దగ్గర పల్లె. వాళ్ళమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ఈయన మాత్రం క్రిస్మస్‌కి వెళ్ళేవాడు, అదీ వాయించమని పిలిస్తేనే. "దేవుడికీ నాకూ గొడవల్లేవు, పరిచయం కూడా లేదు" అని నవ్వేవాడు. రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్న రోజే ఇద్దరం ఒక మాట అనుకున్నాం. నా దీపం నేను పెట్టుకుంటాను. ఆయన నన్ను చర్చికి రమ్మనడు, నేను ఆయన్ని గుడికి రమ్మనను. పన్నెండేళ్ళపాటు ఆ మాట గుర్తు చేసుకోవాల్సిన అవసరమే రాలేదు.

మా కాపురం గురించి ఒక్క సంగతి చెప్తే చాలు. నాకు పొడుగు చరణాల మధ్యలో ఊపిరి చాలదు. చిన్నప్పుడు వచ్చిన ఉబ్బసం వల్ల. నేను ఎక్కడ ఆగుతానో మా ఆయనకి తెలుసు. సరిగ్గా అక్కడ ఎడమచేత్తో ఒక స్వరాన్ని సాగదీసి పట్టుకునేవాడు. జనానికి అది పాటలో భాగంలాగే ఉండేది. నాకు మాత్రం ఎవరో వీపు మీద చెయ్యేసి, నిదానంగా తీసుకో అన్నట్టుండేది. ఈ సంగతి మేం ఎప్పుడూ నోటితో మాట్లాడుకోలేదు.

ఒక ఏడు మిరప కోతల కాలంలో, మార్టూరు దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. వాయించడానికి ఈయన్ని పిలిచారు. ఆఖరి రోజు మా అత్తగారు వెళ్దామంటే నేనూ మా అమ్మాయీ కూడా వెళ్ళాం. పొలంలో షామియానా వేశారు. పక్కనే కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా అందరికీ దగ్గు. పొద్దుగూకే వేళకి పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. మా ప్రోగ్రాముల్లో కరెంటు పోతే ఈలలు మొదలవుతాయి. ఇక్కడ ఎవరూ ఈల వెయ్యలేదు. ముందు వరసలో ఒక ముసలామె పాట అందుకుంది. కూలికి మిరపకాయలు కోసుకొచ్చి, కాళ్ళు కడుక్కుని అట్లాగే వచ్చి కూర్చున్న మనిషి. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు అందుకున్నారు.

మా ఆయన చచ్చిపోయిన కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

పన్నెండేళ్ళు పక్కన నిలబడి పాడాను నేను. ఆ కళ్ళు నా పాటకి ఒక్కసారి కూడా మూతపడలేదు. గుండెలో ఏదో చురుక్కుమంది. మిరప ఘాటనుకున్నాను మొదట.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని అడిగాడు. "ఆ ముసలామె ఏ శ్రుతిలో పాడిందో గమనించావా?"

"శ్రుతెక్కడుంది? మధ్యలో రెండుసార్లు జారింది."

"జారింది. ఆమెతోపాటు అందరూ జారారు. ఎవరికీ తప్పుగా అనిపించలా."

"మనకి అనిపించిందిగా" అన్నాను.

"నాకూ అనిపించలేదు" అన్నాడు మా ఆయన. అరశ్రుతి తేడా వస్తే సాటివాళ్ళ మీద ఎగిరిపడే మనిషి ఆ మాట అన్నాడు.

అక్కణ్ణించి ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. ముందు ఆదివారం పొద్దున వాళ్ళమ్మని చర్చి దగ్గర దింపడానికి వెళ్ళి, బయట బండి మీద కూర్చుని వినేవాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. తర్వాత శనివారం ప్రోగ్రాములు మానేశాడు. ఆర్కెస్ట్రా ఓనరు మా ఇంటికొచ్చి కేకలేశాడు. ఈయన ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించాడు. ఇంట్లో పుస్తకాలు పెరిగాయి. మంచం మీద నా వైపు దీపం ఆర్పేసేదాన్ని, ఆయన వైపు వెలుగుతూనే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను పప్పులో పోపు పెడుతుంటే గుమ్మంలో నిలబడి, "నాకు చదువుకోవాలనుంది" అన్నాడు.

"ఈ వయసులోనా? ఏం చదువు?"

"సెమినరీలో. దేవుణ్ణి గురించి."

"చదవడమెందుకు? అందరూ పాడుకుంటన్నారుగా. నీకు వాయించడం వచ్చు. వాయించుకో."

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "అదే నా భయం. నేను వాయిస్తే ఏదైనా నిజమే అనిపిస్తది. పెళ్ళికూతురు మొహం కూడా చూడకుండా అప్పగింతల పాట వాయించి మండపం మొత్తాన్ని ఏడిపించలా? చర్చిలో కూడా అంతేనేమో. నా చేతులు ఏడిపిస్తున్నాయో, నిజంగానే అక్కడ ఎవరన్నా ఉన్నారో నాకు తెలియాలి. కీబోర్డు తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలి."

"అయితే ఇన్నేళ్ళూ నా పక్కన వాయించింది కూడా చేతుల మాయేనా?"

పోపు మాడిపోయింది.

వేరే జిల్లాలో సెమినరీ. మూడేళ్ళకి పైగా అక్కడే హాస్టల్లో ఉన్నాడు. సెలవులకి వచ్చేవాడు. నేను గుంటూరులోనే ఉండి పాడుకుంటూ ఇల్లు నడిపాను. మా ఆర్కెస్ట్రాలోకి కొత్తగా ఒక కీబోర్డు కుర్రాడు వచ్చాడు. మంచి వేగం ఉన్న చెయ్యి. కానీ నేను ఊపిరి తీసుకునే చోట ఖాళీ ఖాళీగానే ఉండేది. "అక్కా, అక్కడ కొంచెం తొందరగా అందుకుంటారా?" అని అడిగేవాడు పాపం. ఎట్లా చెప్పను? చెప్పి నేర్పించే సంగతి కాదది. పాటలు మార్చుకున్నాను. పొట్టి చరణాలున్నవి పాడటం మొదలుపెట్టాను.

ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. పచ్చడి, కారప్పూస పట్టుకుని. గదిలో బల్ల మీద గ్రీకు పుస్తకం, ముక్కు మీద కొత్త కళ్ళజోడు. నన్ను కూర్చోబెట్టి, ఒక మాట మీద వేలుపెట్టి చూపించాడు. "ఇది చూడు. కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకులో ఊపిరికీ, గాలికీ, ఆత్మకీ ఒకటే మాట. ఎక్కడ ఏ అర్థమో పక్క మాటల్ని బట్టి తేల్చుకోవాలి."

ఆ మొహం నాకు తెలుసు. ఎప్పుడన్నా ఒక పాటకి కొత్త స్వరాల వరస దొరికితే, నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వినిపించేవాడే, అప్పటి మొహం. అది నా సొత్తనుకున్నాను. ఎక్కడికో పోయిందనుకున్నాను. ఇదిగో, ఇక్కడ, నాకు ఒక్క అక్షరం అర్థం కాని పుస్తకం దగ్గర ఉంది.

"ఊపిరి సంగతి నీకు ఎప్పుడో తెలుసుగా" అన్నాను, పుల్లవిరుపుగా.

ఆయనకి అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగా లేవా ప్రోగ్రాములు?" అని అడిగాడు. బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పాను. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ గ్రీకు పుస్తకాన్ని మనసులో ఎన్ని ముక్కలు చేశానో.

చదువయ్యాక ఆయన్ని ఆ కూటాలు జరిగిన ఊరికే పాస్టరుగా పంపించారు. అడిగి వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. గుంటూరు ఇల్లు ఖాళీ చేసి చర్చి పక్కనున్న రెండు గదుల ఇంట్లోకి మారాం. ఊరు చుట్టూ మిరప, పత్తి చేలే. ఇంట్లో కిటికీ తెరిస్తే పత్తి దూది పింజలు పింజలుగా గుమ్మంలోకి కొట్టుకొచ్చేది. ఆ ఊళ్ళో అడుగుపెట్టిన రోజు నుంచీ మా ఆయన అయ్యగారు. నేను అమ్మగారిని. "వందనాలండి అమ్మగారూ" అనేవాళ్ళు ఆడవాళ్ళు. అంటూనే వాళ్ళ చూపు నా బొట్టు మీదికి పోయేది. నేను బొట్టు తియ్యలేదు. ఆయన తియ్యమనీ అనలేదు.

ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఎవరి చేలో పురుగు పడిందో, ఎవరికి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదో, అన్నీ ఆయనకి తెలిసేవి. పొద్దున టీ తాగి బయల్దేరితే గడపగడపకీ వెళ్ళి కూర్చునేవాడు. విని విని, మాట్లాడి మాట్లాడి, ఇంటికొచ్చేసరికి గొంతు పోయేది. అప్పుడు నేను ఏదన్నా చెప్తే తలూపేవాడు. నేను ఆ వారం ఏ ఊళ్ళో పాడానో ఆయనకి గుర్తుండేది కాదు. మా అమ్మాయి కూడా ఆయన చెయ్యి పట్టుకుని చర్చికి పోయేది. దానికి అదంతా సరదా. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని.

ఆ ముసలామె ఇంకా ముందు వరసలోనే ఉంది. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే, కీబోర్డు మా ఆయనే. ఒక ఆదివారం వర్షం పడుతుంటే బట్టలు తీద్దామని పెరట్లోకి వెళ్ళాను. చర్చి కిటికీలోంచి పాట వినపడుతోంది. ఆమెకి చరణం మధ్యలో ఊపిరి అందలేదు. ఆమె ఆగిన చోట కీబోర్డు మీద ఒక స్వరం సాగింది. నిదానంగా తీసుకో అన్నట్టు.

తడుస్తూ అక్కడే నిలబడిపోయాను. ఇరవయ్యేళ్ళ ఆడపిల్లతో చూసినా నాకంత మండేది కాదు. పళ్ళూడిపోయిన డెబ్భయ్యేళ్ళ మనిషి. ఆరాధన అయ్యాక ఆమే మా గుమ్మంలోకి వచ్చింది, కొంగులో చిక్కుడుకాయలు కట్టుకుని. "అయ్యగారికి ఇష్టమంటగా" అంది. ఆయనకి చిక్కుడుకాయలిష్టమని ఊరందరికీ తెలుసన్నమాట. తీసుకున్నాను. కూర్చోమనలేదు. ఆ పూట దొండకాయ వండాను.

ఆ ఎండాకాలం సంఘ పెద్ద ఒకాయన, ఇంకో ఇద్దరితో కలిసి మా ఇంటికొచ్చాడు. మంచి మనిషే, మాకు బియ్యం అయిపోతే చెప్పకుండానే తెచ్చి పెట్టినవాడు. వరండాలో కుర్చీలేశాను. టీ ఇచ్చి లోపలికి పోబోతుంటే నన్నే ఉండమన్నాడు.

"అమ్మగారూ, మీతోనే మాట అండి. అయ్యగారికి ఇంక అభిషేకం జరగాలి. అది జరిగితేనే బాప్తిస్మాలివ్వడానికీ, ప్రభువు బల్ల ఇవ్వడానికీ అధికారం వస్తది. పైవాళ్ళు ఒకటే అంటన్నారు. అమ్మగారు కూడా బాప్తిస్మం తీసుకుంటే ఏ అడ్డమూ ఉండదు అని."

నేను మా ఆయన మొహంలోకి చూశాను. రిజిస్టరాఫీసులో అనుకున్న మాట ఈ మనిషికి గుర్తుందా లేదా అని చూశాను.

"ఆమెకి నమ్మకం కుదిరితే ఆమే అడుగుతుంది" అన్నాడు ఆయన. "నా ఉద్యోగం కోసం నీళ్ళలో ముంచితే అది బాప్తిస్మం కాదండి, స్నానం."

పెద్దాయన నొచ్చుకున్నాడు. టీ గ్లాసు సగంలోనే పెట్టేసి లేచాడు. "మీ ఇష్టం అయ్యగారూ. అయితే ఆలస్యమవుతది మరి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను. "ఆ మాట నా కోసం అన్నావా, మీ దేవుడి కోసం అన్నావా?"

"రెండూ వేరని నువ్వెందుకు అనుకుంటన్నావ్?"

"ఇది అయ్యగారి జవాబు. నాకు మొగుడి జవాబు కావాలి."

ఆయన గ్లాసులు తీసుకుని కడగడానికి పోయాడు.

ఆలస్యమే అయింది. నెలకోసారి పక్క ఊరి అయ్యగారు వచ్చి బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చేవాడు. ఆ పూట మా ఆయన తన సొంత చర్చిలో ఒక పక్కన కూర్చుని, అందరితోపాటు వరసలో నిలబడి తీసుకునేవాడు. ఒకసారి గుమ్మం దగ్గర నుంచి చూశాను. ఆ వరసలో ఆయన వెనక ఆ ముసలామె ఉంది, ఆయన వీపు మీద చెయ్యేసి ముందుకు నడిపిస్తోంది. ఆ చెయ్యి నాదై ఉండాలనిపించింది. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

ఆ తర్వాతి మాఘమాసంలో తాడేపల్లిలో ఒక పెద్ద ఇంటివాళ్ళ ఓణీల ఫంక్షన్. పగటిపూట, ఏసీ హాల్లో. మా కీబోర్డు కుర్రాడు జ్వరంతో పడిపోయాడు. ఇంకెవరూ దొరకలేదు. నేను మా ఆయన్ని అడిగాను. వద్దంటాడనుకున్నాను, వద్దంటే పోట్లాడదామని సిద్ధంగా కూడా ఉన్నాను. "ఏ రోజు? శుక్రవారమా? వస్తా" అన్నాడు తేలిగ్గా.

నిజం చెప్తున్నాను, ఆ రోజు ఆయన ఎంత బాగా వాయించాడో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. పాత చొక్కా వేసుకుని, ప్యాడ్స్ వాయించే అతనితో పరాచికాలాడుతూ, పిల్లలడిగిన డాన్సు పాటలు కూడా కాదనకుండా. ఏళ్ళ తర్వాత పొడుగు చరణాల పాట ఎత్తుకున్నాను. ఆగిన చోట ఆ స్వరం వచ్చి పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక ఈ మనిషి తిరిగొచ్చేస్తాడనుకున్నాను.

భోజనాలు కాగానే కీబోర్డు సంచిలో పెట్టి జిప్ లాగాడు. "మూడింటి బస్సు దొరుకుతుందంటావా? ఆదివారం ప్రసంగం ఇంకా ఒక కొలిక్కి రాలేదు" అన్నాడు. మొహంలో బాధ లేదు. వదిలేసి వెళ్తున్నానన్న దిగులు మచ్చుకైనా లేదు.

బస్సు పెదకాకాని దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత ఆగలేకపోయాను.

"నీకు ఇది గుర్తుకు రాదా? ఈ స్టేజీ, ఈ పాట, నేను? ఒక్కసారన్నా లోటుగా అనిపించదా?"

"ఇవాళ చాలా బాగుంది" అన్నాడు.

"బాగుంది అని అడగలా. లోటు అని అడిగాను. నేను ఇన్నేళ్ళ నుంచి ఆ ఒక్క స్వరం కోసం పాటలు మార్చుకుని బతుకుతున్నాను. నువ్వేమో ఇక్కడా నిండుగానే ఉన్నావ్, అక్కడా నిండుగానే ఉన్నావ్. ఇంకొక ఆడదాన్ని పెట్టుకున్నా బాగుండేది. జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చేదాన్ని. దేవుణ్ణి ఎట్లా ఈడ్చను?"

ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి చూసింది. మా ఆయన కిటికీ వదిలి నా వైపు తిరిగాడు. ఏదన్నా బైబిలు వాక్యం చెప్తాడేమో, చెప్తే దిగిపోదామనుకున్నాను.

"నీకొక్కదానికే అసూయ ఉందనుకుంటన్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి. "ఇవాళ నువ్వు పల్లవి ఎత్తుకోగానే హాల్లో వడ్డించేవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. నేను వారమంతా చదివి, రాసుకుని, గంటసేపు మాట్లాడతాను. ముందు వరసలోనే ఇద్దరు నిద్రపోతారు. ఒక్క పాటతో నువ్వు చేసే పని నేను ఏడాది ప్రసంగాలతో చెయ్యలేకపోతున్నాను. ఒక్కోసారి నిన్ను ప్రోగ్రాంకి పంపించి గుమ్మంలో నిలబడి కుళ్ళుకుంటాను. ఇది అయ్యగారు ఎవరికి చెప్పుకోవాలి?"

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. ముందు సీటామె ఇంకోసారి తిరిగి చూసింది.

అభిషేకం ఇంకా కాలేదు. ఇక అవుతుందని మేం ఎదురుచూడటం కూడా మానేశాం. ఆ ఊరికి వేరే అయ్యగారు వచ్చాక, ఒంగోలు దగ్గర ఒక చిన్న బైబిలు స్కూల్లో ఈయనకి పాఠాలు చెప్పే పని దొరికింది. పల్లెల్లో పాటలు నడిపించేవాళ్ళు అక్కడికి వచ్చి చదువుకుంటారు. పాడే ముందు ఆ పాటలో ఏం అంటున్నామో తెలుసుకోవాలని ఈయన వాళ్ళతో పోరు పెడతాడు. నేను ఇంకా పాడుతూనే ఉన్నాను, ముందు కంటే తక్కువ. బొట్టు ఉంది. దీపం ఉంది. అసూయ పోయిందని మాత్రం చెప్పను. చీకటితో లేచి ఆయన ఒక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా చూస్తే ఇప్పటికీ, ఆ గదిలో నాకు తెలియకుండా ఇంకెవరో ఉన్నట్టు, నేను తలుపు తట్టకుండా లోపలికి వచ్చినట్టు ఉంటుంది.

మొన్నొకరోజు నాకు తోచక, టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ స్కూలుకి వెళ్ళాను. వెనక బెంచీలో కూర్చున్నాను. గదిలో కీబోర్డు లేదు. ఒకతను లేచి, పోయినేడు కూతురు పోయిందట, ఆమె కోసం అంత ప్రార్థన చేస్తే దేవుడు ఎందుకు వినలేదని అడిగాడు. మా ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, "నాకు తెలియదు" అన్నాడు. స్టేజీ మీద ఎవరు ఏ పాట అడిగినా రాదనని మనిషి. రాకపోయినా ఏదో ఒకటి వాయించి గట్టెక్కేవాడు. ఇక్కడ గట్టెక్కాలని చూడలేదు. వెళ్ళి ఆ మనిషి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఆ మూడేళ్ళ హాస్టల్ చదువు మీద మొదటిసారి కోపం రాలేదు.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని డబ్బా విప్పాం. పులిహోర.

"రేపెక్కడ?" అని అడిగాడు.

"సింగరాయకొండ. పెళ్ళి."

"పొద్దున్నుంచి నీ గొంతు బొంగురుగా ఉంది. అరశ్రుతి తగ్గించి మొదలుపెట్టమని చెప్పు ఆ కుర్రాడికి."

సరేనన్నాను. అంతలో ఎవరో "అయ్యగారూ" అని పిలిచారు. ఆ కూతురు పోయిన మనిషే, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. వెళ్ళమన్నట్టు తలూపాను. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు. ఆయన భాగం పులిహోర కూడా నేనే తినేసి, డబ్బా కడుక్కుని బస్సెక్కాను.